నా బరువంత బెల్లం

మా ఊళ్లో ఇద్దరు ఎదురుపడితే "ఏం పడిందిరా?" అని అడుగుతారు, వలలో ఏం పడిందని. నేను ఎదురుపడితే మాత్రం "బెల్లం ఎప్పుడు?" అంటారు. చిన్నా పెద్దా తేడా లేదు. పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్న మనిషి పప్పు కలుపుకుంటూ అడుగుతాడు. ఒకసారి చావుకు పోతే అక్కడా అడిగారు, కాస్త గొంతు తగ్గించి. సగం జీవితం రేసు గుర్రాల మీద గడిపి, ఒంట్లో ఉన్న ఎముకల్లో చాలావాటిని పరీక్షించుకుని, చివరికి నేను ఊళ్లో సంపాదించుకున్న పేరు ఇదీ.

సంగతి మొదటి నుంచీ చెబితే తప్ప అర్థం కాదు. దొరవారిసత్రం నుంచి తూర్పుగా వస్తే పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. అందరం చేపలు పట్టేవాళ్లమే. నేను చిన్నగా ఉన్నప్పుడే మా నాన్న గాలివానలో పడవ తిరగబడి పోయాడు. అమ్మ నెత్తిన గంప పెట్టుకుని చేపలమ్మి నన్ను పెంచింది. పెంచిందన్న మాటే గానీ నేను పెద్దగా పెరిగింది లేదు. నా ఈడు వాళ్లందరికీ మీసాలొచ్చి గొంతులు మారుతున్నా, నేను మాత్రం అమ్మ గోడ మీద బొగ్గుతో గీసిన గీత దగ్గరే ఆగిపోయాను. వల లాగడానికి చెయ్యి వేస్తే నేనే వల వైపు పోయేవాణ్ని, వల నా వైపు వచ్చేది కాదు.

మా మేనమామ ఎండుచేపలు మద్రాసు తీసుకుపోయి అమ్మేవాడు. రేసు గుర్రాల లాయంలో వంటమనిషి ఒకడు ఆయన దగ్గర నెత్తళ్లు కొనేవాడు. సన్నగా పొట్టిగా ఉండి ఇంక పెరిగే ఆశ లేనివాడెవడైనా ఉంటే చెప్పమని, జాకీ పని నేర్పిస్తారని ఆ వంటమనిషి ఒకరోజు అన్నాడట. "మా ఇంట్లోనే ఉండాడు" అన్నాడట మామ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. నన్ను ఒకరు అంత గట్టిగా సిఫారసు చేయడం అదే మొదలు, అదే ఆఖరు.

లాయంలో ట్రైనర్ నా ముఖం చూడలేదు. పాదాలు చూశాడు. పాదాలు పెద్దవైతే మనిషి ముందుముందు సాగుతాడని వాళ్ల నమ్మకం. పాదాలు నచ్చాయి. తర్వాత మామను అడిగాడు, వీళ్ల నాన్న ఎంత ఎత్తని. మామ తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ట్రైనర్ ముఖం అంత బాగా లేకపోయేసరికి చెయ్యి కాస్త దించాడు. ఇంకా బాగా లేకపోతే ఇంకాస్త దించాడు. మా నాన్న ఊళ్లో అందరికంటే పొడుగు మనిషి. ఆ పూట ఇంకొంచెం సేపు జరిగి ఉంటే ఆయన మామ మోకాలి దగ్గరికి వచ్చేసేవాడు.

నేను పెట్టె సర్దుకుని బయల్దేరే రోజున అమ్మ నన్ను గంగమ్మ గుడి ముందు నిలబెట్టింది. "తల్లీ, వీడు గుర్రాల పనికి పోతుండాడు. కాళ్లూ చేతులూ సరిగా ఇంటికొచ్చినాడంటే వీడి బరువంత బెల్లం నీకు తూచి ఇస్తా" అని మొక్కింది. మొక్కు మనసులో మొక్కుకోవచ్చు. కానీ మా అమ్మది సంతలో చేపలమ్మే గొంతు. తల్లికి వినబడిందో లేదో గానీ ఊరంతటికీ వినబడింది. తూచిన బెల్లం ఊరంతా ప్రసాదంగా పంచుకుంటారు కాబట్టి, ఆ రోజు నుంచి నా బరువులో ప్రతి ఇంటికీ వాటా ఏర్పడింది.

ఇక నా ఉద్యోగం సంగతి. గుర్రం మీద నిలబడడం నాకు తొందరగానే వచ్చింది. పడవలో గెడ వేస్తూ పెరిగినవాడికి మోకాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. అంతకుమించి గొప్పతనం నాలో ఏమీ లేదని నాకూ ట్రైనర్లకూ ఒకేసారి తెలిసింది. పేరున్న జాకీలు మంచి గుర్రాలు తీసుకునేవారు. వాళ్లు వద్దన్న గుర్రాలూ, కరిచే గుర్రాలూ, గేటు తెరిచినా బయటికి రాని గుర్రాలూ నావి. మద్రాసులో, బెంగళూరులో, ఎవరైనా జాకీకి జ్వరమొస్తే నా ఫోను మోగేది. జ్వరాల కాలంలో నాకు చేతినిండా పని. నాలుగో స్థానం నాకు సొంతిల్లు. అప్పుడప్పుడు ఐదుకూ ఆరుకూ చుట్టపుచూపుగా పోయి వచ్చేవాణ్ని.

మొదటిసారి గెలిచినప్పుడు మాత్రం ఫోటో తీశారు. గుర్రం యజమాని, ఆయన భార్య, బావమరుదులు, వాళ్ల పిల్లలు అందరూ వచ్చి గుర్రం చుట్టూ నిలబడ్డారు. ఫోటోలో నా టోపీ పైభాగం కనిపిస్తుంది. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టింది. ఇంటికొచ్చిన వాళ్లకు "అదిగో, నా కొడుకు" అని వేలు పెట్టి టోపీని చూపించేది. వాళ్లు దగ్గరికి పోయి టోపీని చూసి, పోలికలు నాన్నవే అనేవాళ్లు.

జాకీకి గుర్రంతో అంత తంటా లేదు, అన్నంతోనే. రేసుకు ముందూ తర్వాతా తూస్తారు. చెప్పిన బరువు దాటితే గుర్రమెక్కనివ్వరు. నెల్లూరు జిల్లాలో పుట్టి, మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన చూసి, ఆ రాత్రికి నిమ్మకాయ నీళ్లు తాగి పడుకోవడం అంటే ఏమిటో నన్నడగాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం స్వెట్టరు మీద వానకోటు వేసుకుని రోడ్డు మీద పరిగెత్తేవాణ్ని, చెమట కోసం. జనం ఆగి చూసేవాళ్లు. ఒక పెద్దాయన జాలిపడి నన్ను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోబోయాడు.

తూకం భయం ఒంటికి ఎంత పట్టిందంటే, తక్కెడ కనబడితే చాలు, చేతులు వాటి పని అవి చేసుకునేవి. గడియారం తీసేవాణ్ని, ఉంగరం తీసేవాణ్ని, ఊపిరి బయటికి వదిలేవాణ్ని. ఒకసారి జ్వరమొచ్చి సూళ్లూరుపేటలో డాక్టరు దగ్గరికి పోతే నర్సు బరువు చూసే మిషను ఎక్కమంది. అలవాటుకొద్దీ చొక్కా తీశాను, బనీను తీశాను, లుంగీ ముడి మీద చెయ్యి వేశాను. నర్సు బయటికి పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

మొదటిసారి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు నేను కాళ్లూ చేతులూ సరిగానే వచ్చాను. మొక్కు తీర్చడానికి అడ్డేమీ లేదు. అమ్మ నన్ను ముందూ వెనకా తిప్పి చూసి, "ఈ బరువుకు బెల్లం తూస్తే ఇంటికొక పలుకు గూడా రాదు. నా పరువేం గావాల? కొంచెం ఒళ్లు చెయ్యనీ" అంది. సరే అన్నాను. ఒళ్లు చేస్తే ఉద్యోగం పోతుంది. ఒళ్లు చేయకపోతే మొక్కు తీరదు. ఊరు ఈ చిక్కును తన చేతుల్లోకి తీసుకుంది. నేను వచ్చానని తెలిస్తే ఒకరింటి నుంచి రొయ్యల వేపుడు, ఇంకొకరింటి నుంచి పీతల కూర గిన్నెల్లో వచ్చేవి. వాటాదారులు కదా, పెట్టుబడి పెట్టేవారు. నేను తినకుండా తిప్పి పంపితే బాధపడేవారు.

రెండోసారి వచ్చినప్పుడు మణికట్టుకు కట్టుతో వచ్చాను. "చేతులు సరిగా వస్తే అని మొక్కినా. ఇది సరిగా ఉండాదా?" అంది అమ్మ. ఆ తర్వాత ఒకసారి ముందుపన్ను లేకుండా వచ్చాను. పన్ను కాళ్లూ చేతుల కిందికి రాదని గుడి పూజారి చెప్పాడు. తల్లి దగ్గర తకరారు ఎందుకులే అంది అమ్మ. ఇంకోసారి అన్నీ ఉన్నాయి, కొత్త బెల్లం ఇంకా రాలేదు. ఇంకోసారి కొత్త బెల్లం వచ్చింది, రంగు బాగలేదు. ఇట్లా మొక్కు వాయిదాల మీద వాయిదాలు పడుతూ పోయింది. నా సన్నదనానికి ఆమె సిగ్గుపడుతోందనే నేను అనుకున్నాను. లోపల కొంచెం నొచ్చుకునేవాణ్ని కూడా.

అప్పుడే నేనొక దూకు దూకడం జరిగింది. మా పందేల్లో గుర్రాలు దూకవు, చదునైన గడ్డి మీద పరిగెత్తడమే. కంచెల మీదుగా గుర్రాలను దూకించే జాకీలు వేరే దేశాల్లో ఉంటారని విన్నాను. నేను వాళ్ల కులంలో కలిసింది ఒక్కసారే, అదీ గుర్రం ఇష్టప్రకారం. ఆ రోజు నా కింద ఒక నల్ల గుర్రం. మామూలుగా నాలుగో స్థానంలో హాయిగా పోతున్నాం. పక్కన తెల్ల రెయిలింగు మీద ఒక కొంగ వాలి ఉంది. నల్ల గుర్రం తన జీవితంలో కొంగను చూసి ఎరగదు కాబోలు. దాన్ని చూసి భయపడితే అటు కాకుండా ఇటు జరగాలి. ఇది కొంగ మీదికే లేచింది. కొంగ ఎగిరింది, గుర్రం ఎగిరింది, నేనూ ఎగిరాను. రెయిలింగు దాటి గుర్రం నాలుగు కాళ్ల మీద దిగింది, నేను కుడి భుజం మీద దిగాను. కాలర్ ఎముక విరిగింది.

అది ఎవరో ఫోనులో తీశారు. నేను ఆసుపత్రి మంచం మీద ఉండగానే మా ఊరు చేరింది. నేను గెలిచిన రేసులు ఒక్కటీ చూడని వాళ్లు దీన్ని తిప్పితిప్పి చూశారు. మామ ఫోను చేసి, "అంత దూరం ఎగిరినోడివి, ఆ కొంగనన్నా పట్టుకోలేకపోయినావా?" అన్నాడు. అమ్మ ఒక్కసారే చూసిందట. చూసి ఫోను తిరిగిచ్చేసి, ఆ రోజు చేపలమ్మడానికి పోలేదట.

ఎముక అతుక్కునేదాకా ఇంట్లో ఉన్నాను. వచ్చిన వాళ్లందరూ నా భుజం చూసి ఒకే మాట. "మొక్కు తీర్చకపోతే ఇట్టనే అవుతాది. తల్లి గుర్తు చేస్తుండాది." బెల్లం మీద ఆశతో అంటున్నారని తెలుసు. తెలిసినా, రోజూ వింటుంటే నాకూ భయం పట్టుకుంది. ఎముక అతుక్కుందో లేదో లాయం నుంచి ఫోను వచ్చింది. ఒక ఆడగుర్రం ఉంది, దాని జాకీకి జ్వరం, వారంలోగా బరువు దిగి రమ్మని. వస్తానన్నాను. పోయేముందు ఈ మొక్కు తీర్చేసి పోదామని గట్టిగా అనుకున్నాను. అమ్మను అడిగితే రంగు, తిథి, బరువు అని మళ్లీ మొదలుపెట్టింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేనే బెల్లం తెప్పించాను, నేనే పూజారికి చెప్పాను, శుక్రవారం పొద్దున ముహూర్తం పెట్టేశాను.  అమ్మ తను మాత్రం రానంది.

మా గుడికి సొంతంగా తక్కెడ లేదు. చేపలు కొనే వ్యాపారి తన పెద్ద తరాసు ఇచ్చాడు. వెదుళ్లు నిలబెట్టి గుడి ముందు వేలాడదీశారు. ఎంత కడిగినా దాని తట్టల్లో ఎండు సావడ చేపల వాసన పోలేదు. ఊరంతా వచ్చింది, ఇంటికొక గిన్నెతో. నేను స్నానం చేసి కొత్త పంచె కట్టుకుని తరాసు దగ్గరికి నడిచాను. దగ్గరికి రాగానే నా చేతులు వాటి పని మొదలుపెట్టాయి. గడియారం తీశాను, ఉంగరం తీశాను. "తీయబాక, తీయబాక" అని జనం నాలుగు వైపుల నుంచీ అరిచారు. ఒకాయన వచ్చి గడియారం మళ్లీ నా చేతికి కట్టాడు. అప్పటికే ఊపిరంతా వదిలేసి ఉన్నాను, "పీల్చుకోరా" అని పూజారి మందలించాడు.

తట్టలో కూర్చున్నాక మామ పంచె సర్దుతున్నట్టు వంగి, నా నడుము దగ్గర ఏదో దోపాడు. చల్లగా, బరువుగా తగిలింది. వలకు కట్టే సీసం గుండ్లు. బరువు తక్కువైన జాకీకి జీనులో సీసం బిళ్లలు పెట్టి సరిచేస్తారు, కుర్రతనంలో సీసం మీద చాలా కాలమే కూర్చున్నాను. సీసాన్ని నేను చీకట్లోనైనా గుర్తుపడతాను. "ఇదేంది మామా?" అన్నాను మెల్లగా. "తల్లికి ఎక్కువ పోతే పాపమా? నోరుమూసుకో" అన్నాడు. అవతలి తట్టలో బెల్లం దిమ్మెలు పడుతున్నాయి. నా తట్ట కొంచెం కొంచెంగా నేల వదిలి పైకి లేస్తోంది. సరిగ్గా అప్పుడు అమ్మ వచ్చింది, నెత్తిన గంపతో. సంతకు పోయే దారి గుడి ముందు నుంచే.

ఆగింది. గంప దించలేదు.

"దిగు" అంది నాతో.

"ఎందుకు?"

"మళ్లా గుర్రం ఎక్కుతావా లేదా?"

"ఎక్కుతా."

"అయితే దిగు."

జనం గొణుక్కున్నారు. పూజారి కల్పించుకుని, "ఇంకా ఆలస్యం చేస్తే తల్లికి కోపమొస్తాది అక్కా" అన్నాడు.

"రానీ" అంది అమ్మ. "కోపమొస్తే మా ఇంటి మీద కన్నేసి పెడతాది. నాకు కావాల్సింది అదే. వీళ్ల నాయన కొత్త పడవ దించినప్పుడు మేకను మొక్కుకున్నా. మొక్కిన వారానికే ఇచ్చేసినా. తల్లికి మా ఇంటితో పనైపోయె. ఆ ఏడే గాలివాన వచ్చె. రావాల్సిన బాకీ ఉందంటే ఎవురైనా ఆ మనిషిని జాగర్తగా చూసుకుంటారు. నేను చేపలు అరువిచ్చినోళ్లు దగ్గితే, పోయి చూసి కషాయం పెట్టి వస్తా. పడి చస్తే నా చేపల డబ్బులెవురు ఇస్తారు? ఈ తల్లీ అంతే. కొంగ దగ్గర గుర్రం ఎత్తేసినా ఒక్క ఎముకతో పోయిందంటే, బెల్లం రావాల్సి ఉండాది గాబట్టి. ఇయ్యనని నేను అన్లేదు. ఇస్తా. ఇప్పుడు కాదు."

పూజారి బెల్లం తట్ట పక్కన నిలబడి తల గోక్కున్నాడు.  నాకు వాయిదాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, సన్నదనం, మణికట్టు, పన్ను, బెల్లం రంగు. ఈ మనిషి ఇన్నేళ్లూ నా గురించి సిగ్గుపడలేదు. భయపడింది. గుర్రమెక్కొద్దని ఒక్కసారి కూడా అనకుండా, తన తాహతులో తను నాకు కాపలా పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఊరంతా గిన్నెలు పట్టుకుని చూస్తుండగా తట్టలో కూర్చుని ఏడిచాను. ఏడుస్తూనే దిగాను. నేను దిగగానే బెల్లం తట్ట ఒక్కసారిగా కిందికి వచ్చి పూజారి కాలి బొటనవేలి మీద పడింది. నా నడుము నుంచి సీసం గుండ్లు జారి అందరి ముందూ దొర్లాయి. మామ సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ బెల్లమంతా మా ఇంటికే తిరిగి వచ్చింది. గాలిలో చెమ్మకు కరగడం మొదలుపెట్టింది. అమ్మ పారెయ్యలేక అరిసెలు వండింది, పొంగలి వండింది, పాకం పట్టి శనగపప్పు ఉండలు చేసింది. ఇల్లంతా బెల్లం వాసన, గుమ్మం నిండా చీమలు. బరువు దిగాలని నేను మాత్రం అరుగు మీద కూర్చుని నిమ్మచెక్క చప్పరించాను. పోయి ఆ ఆడగుర్రం ఎక్కాను. నాలుగో స్థానం.

ఆ తర్వాత కొన్నేళ్లు ఎక్కాను. గుర్రం గేటు దగ్గర బెదిరినప్పుడల్లా, తల్లికి నేనింకా బెల్లం బాకీ ఉన్నానులే అనుకునేవాణ్ని, ధైర్యంగానే ఉండేది. మోకాళ్లు ఇంక చాలన్నాక మానేసి ఇంటికొచ్చేశాను. కాళ్లూ చేతులూ సరిగానే వచ్చాను, పన్ను సంగతి వదిలేస్తే. ఇప్పుడు రొయ్యల గుంటల దగ్గర మేత చూసే పని. పెళ్లయింది. రెండు పూటలా అన్నం తింటున్నాను, పులుసు మళ్లీ వేయించుకుని మరీ. జాకీగా ఉన్ననాటి బెల్టు ఇప్పుడు నా తొడకు సరిపోతుంది. ఊళ్లో వాళ్లు నా పొట్ట చూసి సంతోషంగా తలూపుతారు. బెల్లం ఎప్పుడు అని మరింత ఆప్యాయంగా అడుగుతున్నారు.

అమ్మ ఇప్పుడు గంప ఎత్తలేదు. ఇంటి ముందు కూర్చుని ఎండుచేపలు ఏరుతుంటుంది. మొన్న పక్కన కూర్చుని అడిగాను. "ఇంక గుర్రమెక్కను గదా. మొక్కు తీర్చేద్దామా?"

"మోటార్ సైకిలు ఎక్కుతుండావు గదా" అంది.

"అది గూడా మానేస్తే?"

చేపలు ఏరుతూనే ఉంది. నేను లేవబోతుంటే నా పంచె కొస పట్టుకుని ఆపింది. "నేను పోయినాక గూడా ఇయ్యబాక నాయనా. ఇంటికెప్పుడొస్తావా అని నీకోసం చూసేదానికి ఒకరుండాల గదా. ఆ తల్లినన్నా ఉండనీ."

  లోపలికి పోయి పీట వేసుకుని కూర్చుని, ఇంకో రెండు గరిటెల అన్నం ఎక్కువే పెట్టమన్నాను మా ఆవిడను. బాకీ పెద్దదిగా ఉంటేనే మంచిదని.